పేట పటం ఎవరు గీయాలి? క్యోటో బురాకు వాడ నుంచి కొన్ని ప్రశ్నలు

క్యోటో రైల్వే స్టేషన్‌లో దిగి తూర్పుకి పది నిమిషాలు నడిస్తే సూజిన్ అనే పేట వస్తుంది. ఏటా కోట్ల మంది యాత్రికులు వచ్చిపోయే నగరం అది. గుళ్ళకీ, తోటలకీ, పాత వీధులకీ బస్సులెక్కే ఆ జనంలో ఎక్కువ మందికి సూజిన్ పేరు తెలియదు. జపాన్‌లో కొందరికి మాత్రం బాగా తెలుసు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన మనిషి చిరునామా చదివేటప్పుడు గుర్తుకొచ్చే పేరు అది. సూజిన్ బురాకు పేట. మన మాటల్లో చెప్పాలంటే వాడ.

2023 అక్టోబర్‌లో ఈ వాడలోకి ఒక యూనివర్సిటీ వచ్చింది. 1880లో మొదలైన చిత్రకళా పాఠశాలకు వారసురాలైన క్యోటో సిటీ యూనివర్సిటీ ఆఫ్ ఆర్ట్స్, నగరం పడమటి అంచు నుంచి మొత్తంగా తరలివచ్చి ఇక్కడ క్యాంపస్ కట్టుకుంది. పిల్లలు తగ్గిపోయి 2010లో మూతపడ్డ సూజిన్ ప్రాథమిక పాఠశాల స్థలం ఆ క్యాంపస్‌లో కలిసింది. యూనివర్సిటీని తెమ్మని కళాకారులు, అధికారులే కాదు, పేట సంఘాలు కూడా అడిగాయి. ఇప్పుడక్కడ విద్యార్థులున్నారు, గ్యాలరీ ఉంది, కచేరీలు జరుగుతున్నాయి. పేటతో కలిసి చదువు, పేటకు కొత్త ప్రాణం అనే మాటలు వినిపిస్తున్నాయి.

పర్యాటక శాఖలూ, యూనివర్సిటీలూ ఈ మధ్య ఎక్కువగా వాడుతున్న మాట ఒకటుంది: పునరుజ్జీవ పర్యాటకం. వచ్చినవాడు చోటును పాడుచేయకుండా పోతే చాలదు, తను వచ్చినప్పటి కంటే మెరుగ్గా వదిలి పోవాలి అని దాని అర్థం. దానికి తోడు విద్యార్థులు క్లాసులో కాకుండా పేటలో, పేటవాళ్ళ దగ్గర నేర్చుకోవడం. రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. అయితే మెరుగు ఎవరికి, ఎవరి లెక్కన? అద్దెలు పెరగడం కూడా కొందరికి మెరుగే. అంటరానివాళ్ళుగా ముద్రపడ్డ మనుషులు బతికే పేటకు ఈ మాటలు వచ్చినప్పుడు ఏమవుతుందో చూడటానికి సూజిన్, దానికి తోడు ఒసాకాలోని నానివా, మనకు పనికొచ్చే ఉదాహరణలు.

జపాన్ మనకెందుకు అనేవాళ్ళకు ఒక మాట. 1998లో మొదలైన దళిత మానవ హక్కుల జాతీయ ఉద్యమం (ఎన్‌సీడీహెచ్‌ఆర్) 2001లో డర్బన్‌కు వెళ్ళి కులాన్ని ప్రపంచం ముందు పెట్టినప్పుడు, పక్కన నిలబడ్డ వాళ్ళలో బురాకు సంఘాలు ఉన్నాయి. 'పని, పుట్టుక ఆధారంగా వివక్ష' అని ఐక్యరాజ్యసమితి వాడే మాట కింద దళితులూ బురాకులూ ఒకే చోట కనిపిస్తారు. మన ఉద్యమంలో పెద్దవాళ్ళకు ఈ బంధుత్వం తెలుసు. కొత్తగా వచ్చే విద్యార్థులకు అంతగా తెలియదు.

చిరునామాలో దాగిన కులం

బురాకు ప్రజల రంగు, భాష, మతం మిగిలిన జపనీయుల కంటే వేరు కావు. పేర్లు కూడా చాలా వరకు వేరు కావు. చచ్చిన పశువుల తోలు తీయడం, తోలు పదును చేయడం, శిక్షలు అమలు చేయడం లాంటి పనులు చేసినవాళ్ళను తోకుగావా పాలకులు కట్టుబాట్లతో విడదీసి, విడి పల్లెల్లో ఉంచారు. 1871లో మేజీ ప్రభుత్వం ఒక ఆజ్ఞతో ఆ హోదాలను రద్దు చేసింది. రద్దయిన వాటిలో తోలు పని మీద వాళ్ళకున్న హక్కు కూడా ఉంది. పరిహారం ఏమీ ఇవ్వలేదు. పెట్టుబడి ఉన్నవాళ్ళు తోలు పరిశ్రమలోకి వచ్చారు, అంటు మాత్రం పాతవాళ్ళకే మిగిలింది. మన దగ్గర తోలు ఫ్యాక్టరీల యజమానులెవరో, తొట్లలో దిగినవాళ్ళెవరో చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

మనిషిని చూసి తెలుసుకోలేరు కాబట్టి ఊరిని చూసి తెలుసుకుంటారు. ఈ కులం చిరునామాలో ఉంటుంది. అందుకే బురాకు చరిత్రలో పటం అనేది ఎప్పుడూ మామూలు కాగితం కాదు. చేతిని బట్టి అది ఆయుధం, చేతిని బట్టి అది ఉరితాడు.

మొదట ఆయుధంగా వాడిన సంగతి. 1951లో 'ఆల్ రొమాన్స్' అనే పత్రికలో క్యోటో బురాకు జీవితం మీద ఒక కథ వచ్చింది. కల్లు, కొట్లాట, మురికి, కామం నింపి, చదివేవాడికి కితకితలు పెట్టే రకం. రాసినవాడు క్యోటో నగరపాలక సంస్థలో పనిచేసే చిరుద్యోగి. ఉద్యమం ఆ రచయితను తిట్టి ఊరుకోవచ్చు. అసాదా జెన్నొసుకె లాంటి నాయకులు అక్కడ ఆగలేదు. ఈ కథలోని మురికి ఎక్కడి నుంచి వచ్చిందని నగరపాలక సంస్థను అడిగారు. అధికారుల చేతనే నగర పటం మీద గుర్తులు పెట్టించారు. కుళాయి నీళ్ళు రాని చోట్లు, మురుగు కాలువ లేని చోట్లు, అగ్నిమాపక యంత్రానికి నీళ్ళందని చోట్లు, టీబీ ఎక్కువున్న చోట్లు, పిల్లలు బడికి పోని చోట్లు. గుర్తులన్నీ పెట్టాక చూస్తే అవి బురాకు పేటల మీదే కుప్పపడ్డాయి.

నా దృష్టిలో పేట ఆధారిత విద్యకు ఇంతకంటే మంచి పాఠం ఇంకొకటి లేదు. ఇక్కడ విద్యార్థులు అధికారులు, గురువులు పేటవాళ్ళు. ఆ పటం నుంచి క్యోటోలో బడ్జెట్ కదిలింది. ఈ ఎత్తుగడ దేశమంతా పాకింది. 1969లో ప్రత్యేక చర్యల చట్టం వచ్చి, రకరకాల పేర్లతో 2002 వరకు నడిచింది. ఇళ్ళు, రోడ్లు, బడులు, ఆస్పత్రులు ఆ డబ్బుతో వచ్చాయి.

ఉరితాడు సంగతి 1975లో బయటపడింది. ఐదు వేలకు పైగా బురాకు ఊర్ల పేర్లు, చిరునామాలు అచ్చేసి రహస్యంగా కంపెనీలకు అమ్ముతున్నారని తేలింది. కొన్నవాటిలో దేశంలో పేరున్న పెద్ద కంపెనీలు ఉన్నాయి, మొత్తం రెండు వందలకు పైనే. ఉద్యోగానికి వచ్చినవాళ్ళ చిరునామాను ఆ పుస్తకంలో వెతికి, ఉంటే వద్దనడానికి.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. 2009లో గూగుల్ ఎర్త్ మీద పాత పటాలు అమర్చినప్పుడు, వెనకటి అంటరాని పల్లెల పేర్లు ఉన్నవి ఉన్నట్టు నేటి వీధుల మీద కనిపించాయి. గొడవయ్యాక తీసేశారు. 2016లో ఒక ప్రచురణకర్త 1936 నాటి ఒక సర్వేను పుస్తకంగా వేస్తానని ప్రకటించి, ఆ జాబితాను ఇంటర్నెట్‌లో కూడా పెట్టాడు. ఆ 1936 సర్వే చేసింది బురాకులను ద్వేషించేవాళ్ళు కాదు. వాళ్ళ పరిస్థితి బాగుచేయాలని ప్రభుత్వ అండతో నడిచిన సంక్షేమ సంస్థ. ఎనభై ఏళ్ళ కింద మంచికని రాసుకున్న వివరం ఎనభై ఏళ్ళ తర్వాత వాళ్ళ మనవళ్ళ మెడకు చుట్టుకుంది.

బురాకు విముక్తి సంఘం, రెండు వందలకు పైగా వ్యక్తులు కోర్టుకు వెళ్ళారు. 2021లో టోక్యో జిల్లా కోర్టు ప్రచురణను ఆపమంది, కాని గోప్యత అనే ఇరుకు దారిలోనే నడిచింది. 2023 జూన్‌లో టోక్యో హైకోర్టు ముందుకు వెళ్ళింది. వివక్షకు గురికాకుండా ప్రశాంతంగా బతకడం మనిషి హక్కు, ఈ జాబితా ఆ హక్కును భంగపరుస్తుంది అని గుర్తించింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోకపోవడంతో ఆ తీర్పు ఖాయమైంది.

అదే వీధి, అదే కెమెరా

ఇక్కడే పర్యాటకం, విద్యార్థుల చదువు అనే విషయం సూటిగా తగులుతుంది.

ఆ జాబితాల వెనకే ఇంకొకటి నడిచింది. బురాకు పేటల 'సందర్శన' పేరుతో వీడియోలు. కెమెరా పట్టుకుని పేటలోకి వెళ్ళడం, ఇళ్ళు, నేమ్ ప్లేట్లు, సమాధులు తీయడం, ఫలానా ఊరు ఫలానా వాళ్ళదని చెప్పి అప్‌లోడ్ చేయడం. ఇది పరిశోధన, భావప్రకటనా స్వేచ్ఛ అన్నది వాళ్ళ వాదన. 2022 చివర్లో యూట్యూబ్ అలాంటి వీడియోలను వందకు పైగా తీసేసింది.

జపాన్‌లో 'ఫీల్డ్‌వర్క్' అనే మాటకు ఉద్యమంలో ప్రత్యేకమైన అర్థం ఉంది. పేట మనిషి ముందు నడుస్తూ విద్యార్థులకు, టీచర్లకు, కార్మిక సంఘాల వాళ్ళకు తమ పేట చరిత్ర చెప్పే నడక అది. ఈ బావి ఎందుకిక్కడుంది, ఈ రోడ్డు ఎందుకిక్కడ ఇరుకైంది, ఈ ఇళ్ళు ఏ పోరాటంలో వచ్చాయి. నారా దగ్గరి గోసెలో సుయిహేయ్‌షా మ్యూజియం ఉన్న ఊరూ, ఒసాకాలోని నానివా ఇలాంటి నడకలకు పేరున్న చోట్లు. (1922 మార్చి 3న క్యోటోలో పుట్టిన సుయిహేయ్‌షా బురాకుల మొదటి దేశవ్యాప్త సంఘం. ఆ ముందు మూడేళ్ళకు మన దగ్గర అంబేడ్కర్ సౌత్‌బరో కమిటీ ముందు మాట్లాడారు, తర్వాత ఐదేళ్ళకు మహాడ్ జరిగింది. ఆ కాలం గాలి అలాంటిది.)

వీడియో తీసినవాడు, ఫీల్డ్‌వర్క్‌కు వచ్చిన విద్యార్థి నడిచేది ఒకే వీధిలో. ఇద్దరి చేతిలోనూ ఫోన్ ఉంది. ఇద్దరూ 'తెలుసుకోవడానికే' వచ్చామంటారు. తేడా మనసులో ఉందనుకుంటే మోసపోతాం. వీడియో తీసినవాడి మనసు సంగతి మనకెందుకు? ముందు నడిచేది ఎవరు, ఏది చూపాలో ఏది చూపకూడదో తేల్చేది ఎవరు, ఇవాళ వద్దు అని చెప్పగలిగేది ఎవరు, అన్నవే తేడాలు. మంచి మనసున్న విద్యార్థి కూడా అడగకుండా ఫోటో పెడితే ఆ ఇంటి పిల్ల పెళ్ళి ఆగిపోవచ్చు. దీన్ని నిరూపించడానికే 1936 సర్వే ఉంది.

ధారావిలో నడిపించే టూర్లను చూసినా ఇదే ప్రశ్న వస్తుంది. ఫోటోలు తీయకూడదనే నియమం పెట్టుకుని, లాభంలో పెద్ద వాటా అక్కడి పిల్లల చదువులకు పెడతామనే కంపెనీలు ఉన్నాయి. అది మెచ్చుకోవలసిందే. అయితే ధారావి కింది నేల సంగతి టూర్ కంపెనీ చేతిలో లేదు, తిరునెల్వేలి నుంచి వచ్చి తరాలుగా తోలు పని చేసిన దళితుల చేతిలో లేదు. పునర్నిర్మాణ కంపెనీలో 80 శాతం అదానీలది, 20 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది. యాత్రికుడు ఎంత మర్యాదగా నడిచినా ఆ లెక్క మారదు.

డప్పు, తైకో, మ్యూజియం

నానివా ఒసాకాలో పాత తోలు పేట. జపాన్‌కు తైకో డోళ్ళు చేసి పంపిన ఊర్లలో ముఖ్యమైనది. తైకోను ప్రపంచమంతా చూసింది, గుళ్ళలో, పండగల్లో, విదేశీ వేదికల మీద. కొట్టేవాళ్ళకు చప్పట్లు, తోలు బిగించినవాళ్ళకు వెలి. 1987లో నానివా యువకులు సొంత తైకో బృందం పెట్టుకుని దానికి 'ఇకారి' అని పేరు పెట్టారు. కోపం అని అర్థం. ఇవాళ ఆ పేటలో నడిస్తే డోలు ఆకారంలో, డోలు కొట్టేవాళ్ళ బొమ్మలతో గుర్తులు కనిపిస్తాయి. మానవ హక్కుల తైకో రోడ్డు అని దానికి పేరు. చూడ్డానికి వచ్చినవాడు డోలు చూసి పోకుండా, చేసిన చేతుల గురించి చదివి పోవాలని.

మన డప్పు కథ కొంచెం వేరు. ఇక్కడ చేసినవాడే కొట్టాడు, కొట్టినందుకూ చేసినందుకూ కూడా వెలేశారు. ఇప్పుడు ప్రభుత్వ ఉత్సవాల్లో, టూరిజం వేదికల మీద, మంత్రుల స్వాగతాల్లో డప్పు మోగుతోంది. కొట్టినవాడికి ఆ రోజు కూలీ వస్తుంది. డప్పు గురించి ఒక బోర్డు, చేసిన వాడ పేరు, ఎవరు ఎందుకు కొట్టించుకున్నారన్న చరిత్ర ఎక్కడా రాయరు. నానివా చేసిన పని అదే. శబ్దాన్ని అమ్ముకుంటూ చరిత్రను దాచే వీలు లేకుండా చేసింది.

అదే నానివాలో 1985లో మొదలైన మానవ హక్కుల మ్యూజియం ఉండేది. లిబర్టీ ఒసాకా అని పిలిచేవారు. బురాకులే కాదు, జపాన్‌లోని కొరియన్లు, ఐనులు, ఒకినావా వాళ్ళు, వికలాంగులు, మినమతా పాదరసపు విషం బాధితులు, అందరి చరిత్రా ఒకే కప్పు కింద. స్కూలు పిల్లలు బస్సుల్లో వచ్చేవారు. 2008లో ఒసాకా గవర్నర్‌గా వచ్చిన హషిమోతో తోరు చూసి, పిల్లలకు కలలూ ఆశలూ ఇచ్చేలా లేదని పెదవి విరిచాడు. 2013లో సబ్సిడీలు ఆగిపోయాయి. 2015లో నగరపాలక సంస్థ స్థలం ఖాళీ చేయమని కోర్టుకెక్కింది. చివరికి 2020లో రాజీ కుదిరింది. కోట్ల యెన్‌ల అద్దె బకాయి మాఫీ, మ్యూజియం ఖాళీ. ఆ ఏడాది మే 31 చివరి రోజు.

ఆ స్థలం కథ చెప్పకపోతే ఈ సంగతి సగమే అవుతుంది. అది ఒకప్పుడు బడి ఉన్న స్థలం. తమ పిల్లల చదువు కోసం నానివా వాళ్ళు డబ్బు వేసుకుని కొని నగరానికి ఇచ్చిన నేల. వాళ్ళు ఇచ్చిన నేల మీద వాళ్ళ చరిత్ర నిలబడినందుకు వాళ్ళనే అద్దె అడిగారు. మ్యూజియం ప్రదర్శనలో లోపాలుంటే చర్చించవచ్చు. అయితే దాన్ని మూయించింది ప్రదర్శనలోని లోపం కాదు. నేల కాగితం వాళ్ళ చేతిలో లేకపోవడం, దాన్ని నడిపే డబ్బు ప్రతి ఎన్నికతో మారే వాళ్ళ దయ మీద ఉండటం.

బ్యాంకు కట్టుకున్న వాడ

ఇప్పుడు మళ్ళీ సూజిన్‌కు. 1899లో, అప్పటికింకా యనగిహర అని పిలిచే ఈ ఊళ్ళో, అకాషి తమిజో అనే ఊరి పెద్ద, మరికొందరు కలిసి బ్యాంకు పెట్టారు. బయటి బ్యాంకులు బురాకు వ్యాపారికి అప్పు ఇవ్వవు. చర్మం కొనాలన్నా, చెప్పుల దుకాణం పెట్టాలన్నా వడ్డీ వ్యాపారి కాళ్ళు పట్టుకోవాలి. యనగిహర బ్యాంకు ఆ అప్పులు ఇచ్చింది. మిగిలిన డబ్బులో కొంత బడికి పెట్టింది. బురాకు ప్రజలు తమకోసం తాము పెట్టుకున్న బ్యాంకుగా జపాన్‌లో చెప్పుకునేది ఇదొక్కటే. 1927 ఆర్థిక సంక్షోభంలో పడిపోయింది.

1907లో కట్టిన దాని రెండంతస్తుల చెక్క భవనం మాత్రం మిగిలింది. రోడ్డు వెడల్పు చేయడానికి దాన్ని కూల్చాలన్నప్పుడు పేటవాళ్ళు అడ్డుపడ్డారు. 1994లో నగరం దాన్ని సాంస్కృతిక సంపదగా నమోదు చేసింది. పక్కకు జరిపి, బాగుచేసి, 1997లో మ్యూజియంగా తెరిచారు. చిన్న భవనమే. కాని దాన్ని చూడటానికి వచ్చిన విద్యార్థికి పేట మొదట చెప్పే మాట 'మేము ఇలా బాధపడ్డాం' అని కాదు, 'మేము బ్యాంకు పెట్టాం' అని. మన వాడల గురించి రాసే సోషల్ వర్క్ రిపోర్టుల్లో ఈ రెండో వాక్యానికి కాలమ్ ఉండదు.

యూనివర్సిటీ వచ్చింది ఇలాంటి పేటలోకి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పదివేల దగ్గర జనం ఉన్న చోట ఇప్పుడు రెండు వేలు కూడా లేరు. ఇళ్ళు బాగుచేసే ప్రాజెక్టు దశాబ్దాలు సాగింది. నగరం స్థలాలు కొని, కంచెలు వేసి, ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచింది. పాత మునిసిపల్ ఇళ్ళలో వాళ్ళను కొత్త బ్లాకుల్లోకి మార్చి, ఆ జాగాలో క్యాంపస్ లేచింది. యువకులు బయటికి పోయారు, పెద్దవాళ్ళు మిగిలారు. పేటలో పిల్లల గోల వినపడితే చాలనుకునే ముసలివాళ్ళు యూనివర్సిటీని ఎందుకు కోరుకున్నారో అర్థం చేసుకోవచ్చు. వాళ్ళ కోరికను బయటి నుంచి తప్పుపట్టే హక్కు నాకు లేదు.

నేను అడిగేది తర్వాతి మెట్టు గురించి. స్టేషన్ పక్క నేల. చుట్టూ హోటళ్ళు లేచిన నగరం. యాత్రికుల తాకిడికి క్యోటో 2018లో బస పన్ను పెట్టి, దాన్ని ఈ 2026లో బాగా పెంచింది. సూజిన్‌కు దక్షిణంగా, జపాన్‌లోని కొరియన్లు తరాలుగా బతికిన హిగాషి కుజోలో 2025 అక్టోబర్‌లో టీమ్‌ల్యాబ్ వాళ్ళ భారీ డిజిటల్ కళా మ్యూజియం తెరిచారు. నూరేళ్ళు ఎవరూ కాలు పెట్టనన్న నేల ఇప్పుడు అందరికీ కావాలి. అంటు నేల ధరను కిందికి పట్టి ఉంచింది. అంటు పేరు చెరిపేస్తే ధర లేస్తుంది. చెరిపేసినంత మాత్రాన మనుషుల మీద వివక్ష పోయిందని కాదు, వాళ్ళు అక్కడ ఉండరని మాత్రమే.

అందుకే సూజిన్‌లో విద్యార్థులు వేసే బొమ్మలు, నడిపే వర్క్‌షాపులు ఎంత బాగున్నా నేను చూసేది వేరే చోట. కొత్త క్యాంపస్ బ్రోషర్లో బురాకు అనే మాట ఉందా? మొదటి ఏడాది విద్యార్థి పేట చరిత్రను పేటవాళ్ళ నోట వింటున్నాడా, లేక స్టేషన్ పక్క కొత్త ఆర్ట్ ఏరియా అనుకుని చదువు ముగించి పోతున్నాడా? మిగిలిన ఖాళీ స్థలాల మీద పేట సంఘానికి ఓటు ఉందా? పేరు దాచడం కొన్నిసార్లు రక్షణ. ఇందాక చెప్పిన జాబితాల చరిత్ర చూస్తే దాన్ని కొట్టిపారేయలేం. కాని దాచాలో చెప్పాలో తేల్చుకోవలసింది ఆ పేరు మోసినవాళ్ళు. నగరం తన సౌకర్యం కోసం దాచడం, జాబితాల వ్యాపారి తన లాభం కోసం బయటపెట్టడం, రెండూ వాళ్ళ నోరు నొక్కడమే.

మన 180 గంటలు

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 2020 తర్వాత వచ్చిన సిలబస్‌లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. మొదటి ఏడాది తర్వాత 180 గంటలు. ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళ ఏడు రోజుల స్పెషల్ క్యాంపు అంతకు ముందు నుంచీ ఉంది. ఈ గంటల్లో చాలా భాగం ఎక్కడ గడుస్తాయో ఈ వ్యాసం చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎస్సీ కాలనీ, మురికివాడ. ప్రశ్నపత్రం ముందే కాలేజీలో తయారవుతుంది. మరుగుదొడ్డి ఉందా, నెలకు ఆదాయం ఎంత, తాగుతారా, పిల్లలు బడి మానేశారా. చీపుర్లతో ఒక ఫోటో, మొక్కతో ఒక ఫోటో. రికార్డు బుక్ సబ్మిట్ అవుతుంది, మార్కులు పడతాయి. ఆ కాలనీలో పుట్టి అదే కాలేజీలో చదివే పిల్ల తన తల్లిని తన క్లాస్‌మేట్ 'తాగుతారా' అని అడగడం పక్కన నిలబడి చూస్తుంది. ఆ పిల్లకు కూడా అదే 180 గంటలు.

ఆ ప్రశ్నపత్రాలన్నీ ఎక్కడ ఉన్నాయి? ఇంటి పేరు, కులం, ఆదాయం, జబ్బు రాసిన కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి, ఎవరి ఫోన్లో ఉన్నాయి? కులగణన వేరే విషయం. తెలంగాణలో 2024లో జరిగిన సర్వే కోసం, రాబోయే జనగణనలో కులం లెక్క కోసం మనం గట్టిగా అడిగాం, అడగాలి. మన దేశంలో లెక్క లేకపోవడం పైకులాలకు కవచం. కాని జనాన్ని లెక్కపెట్టడం వేరు, ఇంటింటి వివరం ఎవరి చేతుల్లోనో వదిలేయడం వేరు. మన దగ్గర కులం చిరునామాలో ఎలాగూ కనిపిస్తుంది కాబట్టి జపాన్ భయం మనకు లేదనుకోవద్దు. నగరంలో అద్దె ఇంటికి వెళ్ళినప్పుడు సొంతూరు ఎక్కడ, ఊళ్ళో ఏ వీధి అని ఎందుకు అడుగుతారు? మహారాష్ట్ర 2020లో కులాల పేరుతో ఉన్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. తమిళనాడు 2025లో 'కాలనీ' అనే మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామంది. ఇవి చెప్పేది అదే.

ఈ 180 గంటలను 1951 క్యోటో పద్ధతిలో వాడుకోవచ్చని నా ప్రతిపాదన. ప్రశ్నలు కాలేజీలో కాదు, కాలనీ సంఘం కూర్చుని రాయాలి. ప్రశ్నలు ఇళ్ళ మీద కాదు, ఇళ్ళకు అందని వాటి మీద ఉండాలి. విద్యార్థులు పట్టణ పటం తీసుకుని మునిసిపల్ నీళ్ళు రోజుకు ఎన్ని గంటలు వస్తాయో వార్డు వార్డుకీ రాయాలి. చెత్త బండి ఏ వీధి మలుపు దగ్గర వెనక్కి తిరుగుతుందో, వీధి దీపాలు ఎక్కడ ఆగుతాయో, మురుగు కాలువ ఎక్కడి నుంచి ఎవరి వైపు పారుతుందో, సఫాయి పనికి ఏ వాడ నుంచి మనుషులు పోతారో, డంపింగ్ యార్డు ఎవరి పక్కనుందో గుర్తులు పెట్టాలి. పైకులాల వీధులకు కూడా వెళ్ళి అడగాలి: మీ ఇంట్లో పనిమనిషికి గ్లాసు వేరా, మీ మేడ మీద గది ఎవరికి అద్దెకివ్వరు? పేటలను మాత్రమే అధ్యయనం చేసే విద్య సగం విద్య. మిగతా సగం పేటను పేటగా చేసిన వీధుల్లో ఉంది.

నడకలు కూడా పెట్టవచ్చు. ముందు నడిచేది ఆ వాడ మనిషి, కాలేజీ నుంచి ఆ రోజు కూలీ అందుకుని. ఫోటోల సంగతి వాడ తేలుస్తుంది. డప్పు ఉంటే డప్పు చేసిన ఇంటి ముందు ఆగాలి. పోరాడి సాధించుకున్న బడి, బావి, అంబేడ్కర్ విగ్రహం పెట్టిన రోజు ఏం గొడవ జరిగిందో, ఏ ఏడాది ఇళ్ళ పట్టాలు వచ్చాయో, ఎవరికి ఇంకా రాలేదో అక్కడ వినాలి. పట్టాలు రాని నేల మీద నడకలు మొదలుపెట్టడానికి ముందు పట్టాల సంగతి తేలాలని వాడ అంటే, కాలేజీ ఆగాలి, లేదా పట్టాల దరఖాస్తులు రాయడానికే ఆ 180 గంటలు ఇవ్వాలి.

గుర్తులు పెట్టిన పటం పూర్తయ్యాక మొదటి కాపీ వార్డు సచివాలయం గోడ మీదికి, రెండోది కాలనీ కమ్యూనిటీ హాల్లోకి. కాలేజీ రికార్డుకు జిరాక్స్ చాలు.